తేబేసు గవినిలో నా పొత్రం

ఒలీవలు దులిపే నెల, విశ్రాంతి దినం వెళ్లిన మర్నాడు

యహతూ, నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు. లేవీయుడివని నీ పూజారి పలుకులు మధ్యలో కలపకు. ఇది ఎవరికీ చదివి వినిపించేది కాదు, నా కోసం. గవినిలో, ఆ ఊరి కోటగుమ్మంలో, తీర్పు చెప్పే పెద్దల ముందు నిలబడితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. అప్పటికి చెప్పాల్సిన దాంట్లో సగం మరిచిపోతాను. ఏ రోజుది ఆ రోజు నువ్వు పెంకుల మీద రాసి, మళ్లీ నాకు చదివి వినిపిస్తే నా మాట నా దగ్గరే ఉంటుంది. అందుకు నీకు నా ఇంట్లో రెండు పూటలా రొట్టె. పగిలిన కుండలకు కొదవ లేదు, చూస్తున్నావుగా.

మొదటి మాట. ఆ పొత్రం నాది.

నల్లరాయి. యొర్దాను నది అవతల బాషాను నుంచి మా అమ్మ గాడిద మీద తెప్పించి నా పెళ్లికి ఇచ్చింది. కింద అడుగు రాయి, పైన పొత్రం, రెండూ ఒకే బండలోంచి తీసినవి. ఇన్నేళ్లూ ఒకదాన్నొకటి అరగదీసుకుని, మొగుడూ పెళ్లాల్లా ఒకదాని వంపుకు ఒకటి కుదిరాయి. నా మొగుడు పోయాక నన్ను పోషించినవి ఆ రాళ్లే. ఈ వీధిలో సగం ఇళ్లకు పిండి నేనే నూరతాను. నూరినందుకు గంపకు ఇంతని పిండి నాకు పెడతారు. అందుకే షెకెము రాజు దండుతో వస్తున్నాడని కేక పుట్టగానే అందరూ మూటలు పట్టుకుని బురుజుకు పరుగెత్తితే, నేను పొత్రాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని పరుగెత్తాను. అడుగు రాయిని ఎవడూ కదపలేడు. పొత్రాన్ని ఏ దొంగవెధవ అయినా ఎత్తుకుపోతాడు.

ఆ రాజు మామూలువాడు కాదు. తన అన్నదమ్ములను ఒకే బండ మీద నరికించి గద్దె ఎక్కినవాడు. తన మీద తిరగబడ్డ షెకెమువాళ్లు వాళ్ల బురుజులో దాక్కుంటే చుట్టూ కొమ్మలు పేర్చి తగలబెట్టినవాడు. మా బురుజు తలుపు దగ్గరికి కూడా అలాగే నిప్పు పట్టుకుని వచ్చాడు. మేమంతా పైకప్పు మీద ఉన్నాం. మా పక్కింటి నయరా పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది. ఇటు తిరిగి చుట్టూ చూసింది. నా చంకలోంచి పొత్రం లాగేసింది. "ఏయ్, అది నాదే!" అని నేను అరుస్తూనే ఉన్నాను, అది కిందికి వెళ్లిపోయింది. రాజు తల పగిలింది. దండు ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు పోయారు.

ఊరు బతికింది. మంచిదే. మరి నా పొత్రం?

మా బావగారు హన్నీయేలు, అంటే నా మొగుడి అన్న, గవినిలో కూర్చునే పెద్దలకు పెద్ద. ఆయన దాన్ని తీసుకెళ్లి గవిని అరుగు మీద పెట్టించాడు. అమావాస్య పండుగనాడు సున్నం వేసి గోడలో కట్టేస్తారట. వచ్చేపోయేవాళ్లందరూ చూసి తేబేసును మెచ్చుకోవాలట.

సున్నం పట్టిందంటే ఇక ఊడదు. పెకలిస్తే ముక్కలే మిగులుతాయి.

నయరా మీద నాకేం కోపం లేదు. అది కూడా పెట్టు.

మర్నాడు

గవినికి వెళ్లాను.

"బావగారూ, నా పొత్రం ఇప్పించండి. ఇంట్లో జనం గోధుమలు గంపల్లో అలాగే ఉన్నాయి."

"ఇంకా నీదేంటమ్మా? అదిప్పుడు ఊరిది. రాజును చంపిన రాయి!"

"చంపితే చంపింది. పనయిపోయిందిగా, ఇంటికి పంపండి. ఎద్దు పొలం దున్నాక కొట్టానికి రాదా?"

పెద్దలు నవ్వారు. బావగారు నవ్వలేదు.

"పై రాయి తాకట్టు కూడా పట్టకూడదని మన పెద్దల మాట," అన్నాను. "దాన్ని పడితే మనిషి ప్రాణం పట్టినట్టేనని. మీరు తాకట్టు కాదు, ఏకంగా గోడే పట్టిస్తున్నారు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. ఆయన గడ్డం నిమిరితే అవతలివాడికి నష్టమని ఊరందరికీ తెలుసు. "ఒంటిగా నీకెందుకమ్మా ఈ కష్టం? వానలు పడేలోపు మా ఇంటికి వచ్చెయ్. మీ అక్క వండి పెడుతుంది, ఒక మూల కూర్చుని తిందువుగాని. నీ ఇల్లు మా చిన్నోడి కాపురానికి పనికొస్తుంది."

మూల. నన్ను. ఆ మూలలో కూర్చుని మా తోటికోడలి పప్పు తినాలి. ఆవిడ పప్పు మేకలు కూడా ముట్టవు.

ఇప్పుడు అర్థమైందా యహతూ, ఆ రాయి గోడలోకి పోతే నేను మూలలోకి పోతాను.

ఇంకో రోజు

బావగారు కొత్త పొత్రం పంపాడు. సున్నపురాయి. తెల్లగా, నున్నగా, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టుంది. అడుగు రాయి మీద పెట్టి లాగితే ఒక చోట ఎగురుతుంది, ఒక చోట మొరాయిస్తుంది. పిండిలో గోధుమ ఎంతో రాయి అంత.

ఊదుకుని తింటే బాగానే ఉంటుందని యహతుకు చెప్పాను.

మర్నాడు

యహతు పన్ను విరిగింది. ఇవాళ్టికి ఇంతే రాస్తాడట.

అదే వారం

వీధి ఆడవాళ్లు గోధుమలు ఎత్తుకుని కింది వీధికి పోతున్నారు. నా గుమ్మం ముందుకు వచ్చేసరికి నెత్తి మీద గంప సర్దుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకుంటారు. నేనూ ఇటు తిప్పుకుంటాను. నాకూ మెడ ఉంది.

నయరా అయితే పొద్దస్తమానం గవినిలోనే. దోతాను నుంచి ఎవరో వస్తే వాళ్లకు చెబుతోంది, నేను కుండ దించుకుంటూ విన్నాను. మొన్నటికి అది పిండి నూరే పొత్రం. నిన్న పుచ్చకాయంత అయింది. ఇవాళ ఇద్దరు మగాళ్లు ఎత్తలేని బండ. "దేవుడు ఆ క్షణాన నా చేతుల్లో బలం పోశాడు," అంటోంది. వాళ్లు నోళ్లు తెరిచి విని, ఎండు అంజూరపు అచ్చులు చేతిలో పెట్టి పోయారు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే దొరికింది.

"ఏమే నయరా, ఆ కథలో నేనెక్కడే?"

"అయ్యో, ఉన్నావుగా వదినా. 'అందరం బురుజెక్కాం' అన్నాను కదా, ఆ అందరిలో ఒకదానివి నువ్వే."

"పొత్రం ఎక్కడిదని ఎవరూ అడగరా?"

"అడుగుతారు. దేవుడు చూపించాడంటాను."

"దేవుడు నా చంకలో చూపించాడా?"

"అంత వివరం ఎందుకు వదినా, పొరుగూరివాళ్లకి." అంజూరపు అచ్చు విరిచి నాకు సగం పెట్టింది. "అయినా నీకేం తెలుసు నా బాధ. మా ఆయన నాతో పోట్లాడటం మానేశాడు. కూరలో ఉప్పు లేకపోయినా 'బాగుంది బాగుంది' అంటాడు. జుట్టు సర్దుకుందామని చెయ్యెత్తినా అటు జరుగుతాడు. రోజంతా ఏం తోచి చావదు."

నవ్వొచ్చింది. నవ్వలేదు. అంజూరం తిన్నాను, అది వేరే సంగతి. పారేస్తే పాపం.

దాని పేరు పది ఊళ్లలో మోగుతుంటే నాకేం? నాకు పేరు అక్కర్లేదు. పొత్రం కావాలి.

ఆ తర్వాత

రొట్టె చేసి తీసుకెళ్లి పెద్దల ముందు పెట్టాను. "మీరు పంపిన రాయితో నూరిందే. తినండి."

మర్యాదకు అందరూ తలా ఒక ముక్క కొరికారు. గవిని అంతా కరకర. ఒక పెద్దాయన దవడ పట్టుకుని బయటికి నడిచాడు.

బావగారు తన ముక్క మెల్లగా చేతిలోకి దించుకుని అన్నాడు, "సరేనమ్మా, నీ రాయి నీకిచ్చాననుకో. దాంతో ఏం చేస్తావు? అది మనిషి రక్తం తాగింది. దాంతో నూరిన రొట్టె ఎవడు తింటాడు? మనిషిని పొడిచి చంపిన ఎద్దును రాళ్లతో కొట్టి చంపుతాం. దాని మాంసం కూడా ముట్టం. ఇదీ అంతే."

"అయితే దీన్నీ రాళ్లతో కొట్టి చంపండి బావగారూ. ఎలా చస్తుందో చూసి పోతాను."

గవినిలో గాడిదలవాళ్లు కూడా నవ్వారు. ఆ దవడ పెద్దాయన బయట నుంచే నవ్వాడు. కానీ మాట మాటే. ఇంటికి వచ్చేలోపు వీధిలో అందరి నోటా 'రక్తం రాయి, రక్తం రాయి.' పొత్రం వస్తే నా దగ్గరికే వస్తామన్న ఒకరిద్దరు కూడా ఇప్పుడు చేతులు దులుపుకుంటున్నారు.

యహతును అడిగాను. "నీ లేవీయుల లెక్కలో ఆ ఎద్దు మాట నిజమేనా?"

"నిజమే అవ్వా. ఎద్దు మనిషిని చంపితే."

"చంపితేనేనా? పొడిస్తే?"

"పొడిచి ఊరుకుంటే వేరు. చంపితేనే."

ఇంకో రొట్టె పెట్టాను వాడికి. పళ్లతో పని లేని మెత్తటి చోటు చూసి.

ఎందుకంటే ఆ రోజు జరిగిందాంట్లో ఒక ముక్క ఇందాకటి పెంకుల్లో పెట్టించలేదు. బురుజు మీద ఉన్నవాళ్లందరికీ తెలిసిందే కదా అని వదిలేశాను. తల పగిలి కింద పడ్డాక కూడా ఆ రాజుకు ప్రాణం ఉంది. ప్రాణమే కాదు, పరువు కూడా ఉంది. తన ఆయుధాలు మోసేవాణ్ణి కేకేశాడు: "ఒరేయ్, కత్తి దూసి నన్ను పొడిచెయ్! ఆడదాని చేతిలో చచ్చాడని నన్ను అనుకోకూడదు!" వాడు పొడిచాడు. అప్పుడు పోయాడు.

పొడిచింది కత్తి. నా రాయి కాదు.

మర్నాడు

గవినిలో ఈ మాట చెప్పాను. తలకాయలన్నీ ఒక్కసారి నేల చూపు చూశాయి.

"ఎవరు విన్నారు?" అన్నాడు బావగారు.

అందరూ విన్నారు. ఎవరూ వినలేదు. ఒకడు "ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు. ఇంకొకడు తను అటు వైపు ఉన్నానన్నాడు. బురుజు గుండ్రంగా ఉంటే అటు వైపు ఏంటో!

వాళ్ల బాధ నాకు తెలుసు. రాయి చంపకపోతే ఊరికి గొప్పేముంది?

"సరే," అన్నాడు బావగారు, గడ్డం నిమురుకుంటూ. "రాయి వేసిన మనిషి ఉందిగా. ఆవిడే వచ్చి, ఈ గవినిలో, అందరి ముందూ 'నేను చంపలేదు' అని చెప్పనీ. రాయి ఇచ్చేస్తాం." అని చుట్టూ చూసి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నయరా ఆ మాట అనడం కన్నా ఆ రాయే నోరు తెరిచి మాట్లాడటం తేలికని అందరికీ తెలుసు.

ఇంకో రోజు

నయరాను నేను అడగను.

ఇంకో రోజు

అడగనన్నాను కదా.

అమావాస్య దగ్గరపడింది

బావగారి చిన్నోడు వచ్చి, "ఊరికే చూసిపోదామని పిన్నీ" అంటూ నా ఇల్లంతా అడుగులతో కొలుచుకుని పోయాడు. పొయ్యి ఉన్న చోట వాడి పెళ్లానికి మగ్గం పడుతుందట.

నయరా ఇంటికి వెళ్లాను. మేక గురించి. దాని మేక గోడ దూకి నేను ఆరేసిన పుదీనా తింటోంది, అది చెప్పడానికే వెళ్లాను.

"మేకను కట్టేస్తాను వదినా," అంది. "ఇంకేమైనా ఉందా?"

"ఇంకేముంటుంది? పుదీనా పోయింది."

"ఆ. పుదీనా." దారం వడుకుతూ కూర్చుంది. నేను నిలబడ్డాను. వాళ్లాయన నన్ను చూసి, దాన్ని చూసి, లేచి బయటికి పోయాడు.

"పుదీనా మళ్లీ వస్తుందిలే," అన్నాను.

"వస్తుంది."

గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అంది, "పొద్దున్నే నీ రాయి చప్పుడు లేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడుకే లేచేదాన్ని. ఇప్పుడు ఎండ మొహాన కొట్టేదాకా తెలియడం లేదు. ఎవరో పోయిన ఇల్లులా ఉంది ఆ గోడ అవతల."

"గవినికి పోయి విను. అక్కడే ఉందిగా రాయి."

వచ్చేశాను. ఇంకా ఏదైనా అనాల్సింది. యహతూ, ఈ ముక్క చెరిపెయ్. సరే, ఉండనీ, పెంకు పాడవుతుంది.

అమావాస్య పండుగ

కొమ్ము ఊదారు. ఊరంతా గవినిలో. గోడలో కన్నం తొలిచి సిద్ధంగా ఉంది. తాపీవాడు సున్నం కలుపుతున్నాడు. నా పొత్రానికి ఒలీవ కొమ్మలు చుట్టారు, బలిచ్చే పొట్టేలుకు చుట్టినట్టు.

"గోడలో పెట్టేముందు," అన్నాడు బావగారు, "ఆ రోజు జరిగింది మన నయరా నోటితోనే మరోసారి విందాం."

నయరా కొత్త ముసుగు వేసుకుని వచ్చింది. మొదలుపెట్టింది. దాని కథ నాకు నచ్చదు గానీ, చెప్పడం మాత్రం బాగా చెబుతుంది, ఒప్పుకోవాలి. షెకెము పొగ కనబడింది మాకు. గుర్రాల చప్పుడు వినబడింది. నిప్పు తలుపు దాకా వచ్చేసరికి పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు.

"అప్పుడు పక్కనే మా వదిన," అంది. "ఆవిడ చంకలో ఆవిడ పొత్రం. లాక్కున్నాను. 'అది నాదే' అని అరుస్తూనే ఉంది పాపం."

జనం నా వైపు తిరిగారు. నేను ముసుగు సర్దుకున్నాను.

"వేశాను. పడింది. తల పగిలింది." ఆగింది. తాపీవాడి గరిటె కూడా ఆగింది. "రాజు పడ్డాడు. పడి... మాట్లాడాడు."

బావగారి చెయ్యి గడ్డం మీదకి పోయింది. "సరేనమ్మా, చాలు, పొద్దుపోతోంది."

"ఉండండి పెద్దయ్యా. చచ్చినవాడు మాట్లాడతాడా? కత్తి తెమ్మన్నాడు, పొడవమన్నాడు, వాడి మనిషి పొడిచాడు. మీరంతా విన్నారు. ఆడదాని చేత చావకూడదనే కదా వాడి గోలంతా. చావలేదు. నేను తల పగలగొట్టాను, అంతే. చంపింది కత్తి." బావగారి వైపు తిరిగింది. "నేను చంపలేదు. ఆ రాయి ఎవర్నీ చంపలేదు. వదినకిచ్చెయ్యండి."

వెనక నుంచి వాళ్లాయన కేక: "అబద్ధం! మా ఆవిడే చంపింది!"

నయరా గిర్రున తిరిగింది. "నువ్వు నోరు ముయ్యి! నువ్వు చూశావా? నువ్వప్పుడు కింద గాదెలో దూరి ఉన్నావు!"

"కాలు నొప్పిగా ఉండి కూర్చున్నానే!"

"గాదెలోనా?"

ఇద్దరూ ఊరి మధ్యలో కడుపు నిండా పోట్లాడుకున్నారు. ఎన్నాళ్లకో. నవ్వి నవ్వి ఆ దవడ పెద్దాయనకు మళ్లీ దవడ నొప్పి వచ్చింది.

బావగారు కూర్చుండిపోయాడు. అందరి ముందూ ఇచ్చిన మాట. "ఇచ్చెయ్యండి," అన్నాడు చివరికి. "కానీ గోడలో కన్నం? సున్నం బిగుసుకుపోతోందే!"

"నా ఇంట్లో తెల్ల పొత్రం ఉంది బావగారూ. మీరిచ్చిందే. తెప్పించి పెట్టండి."

"జనం నల్లరాయి అని విన్నారమ్మా."

"మసి పూస్తే సరి," అన్నాడు తాపీవాడు, గరిటె తిప్పుతూనే.

మసి నా పొయ్యిలోంచే తీసుకెళ్లారు. అలా తేబేసు గవినిలో ఎవర్నీ తాకని రాయి గోడెక్కింది. ఒక మూల కాస్త చితికిన నా పొత్రం నా చంకెక్కింది.

మర్నాడు

కడిగాను. మళ్లీ కడిగాను. అడుగు రాయి మీద పెట్టగానే తన చోటు తనే వెతుక్కుని కూర్చుంది. ఒక్క లాగుకే పిండి జారింది.

చప్పుడు మొదలవగానే గోడ అవతల నుంచి "లేచానులే!" అని కేక వినబడింది.

వీధిలో అందరి కన్నా ముందు గంప పట్టుకుని వచ్చింది నయరానే. నా గుమ్మంలోనే నిలబడి, అందరూ చూసేలా, ఆ పిండితో కాల్చిన మొదటి రొట్టె తింది. ఆ తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. మెడలన్నీ మళ్లీ ఇటు తిరిగాయి.

నయరా గంపలోంచి నా వంతు పిండి తీయలేదు. మరిచిపోయాను, అంతే. పనిలో పడి.

యహతు మెత్తటి రొట్టె తిని ఏడ్చాడు. పన్ను నొప్పి వల్లనట.

విత్తనాలు చల్లే నెల, మొదటి వాన

బేతేలు నుంచి ఉప్పు అమ్మేవాడు వచ్చాడు. గవినిలో మసి పూసిన రాయి ముందు గాడిదను ఆపి, మాకే కథ చెప్పడం మొదలుపెట్టాడు. "తెలుసా, ఇక్కడే ఒక ఆడది పొత్రం వేసి షెకెము రాజును చంపిందట. ఎటు పోయినా ఇదే మాట."

కత్తి మాట ఎవరూ అనడం లేదట. పాపం ఆ రాజు, అనవసరంగా పొడిపించుకున్నాడు.

"ఒక ఆడదా?" నయరా ముందుకు దూకింది. "పేరు చెప్పరా?"

"పేరెందుకమ్మా? ఆడది అన్నదే కథ."

నయరా వాడి గాడిద పక్కనే నడుస్తూ ఊరి చివరి దాకా పోయింది, తన పేరు మళ్లీ మళ్లీ చెబుతూ. వాడు తల ఊపుతూ పోయాడు. వాడు మరిచిపోతాడు. వాడి మొహం చూస్తేనే తెలుస్తోంది.

నా పేరు వాడు అడగనూ లేదు. నాకేం? నాకు పొత్రం ఉంది, ఇల్లు ఉంది, గంపలు వరసలో ఉన్నాయి. పేరుతో రొట్టె కాలదు.

యహతూ, ఆ చిన్న పెంకు కాదు, పెద్దది తియ్యి. ఆ పెద్ద కూజాలోది. ఇలా పెట్టు: పొత్రం వేసింది తేబేసు నయరా. పెట్టావా? దాని కింద: పొత్రం హొగ్లాది.

ఏదీ, చూపించు. ఇందులో నయరా ఏది, నేనేది? ఇదా? ఇంత సన్నగా ఉందేంటి?

మసి ఇంకా ఉందిగా. కాస్త లావుగా దిద్దు.